కోడలి ఊట

కైనర్-సాయ్,
మార్చి 2

తెమిర్‌కుల్ బైకె గారికి,

సగిన్‌బు సలాం చేసి రాస్తున్నది. ఏ సగిన్‌బు అని తల గోక్కుంటున్నారేమో. ఎనభై ఏడో సంవత్సరంలో మీరు మా ఊరికి మంచినీళ్ళ గొట్టాలు వేయడానికి వచ్చినప్పుడు, మీ పనివాళ్ళకి రొట్టెలూ పెరుగూ మోసుకొచ్చిన అమ్మాయిని. అప్పుడు నాకు ఇరవై ఒకటి. ఇప్పుడు యాభై ఎనిమిది, మోకాళ్ళు మాత్రం డెబ్భై దాటాయి.

కరకోల్ బస్సు నడిపే మా ఊరాయన మీ చిరునామా సంపాదించాడు. మీకు చెవులు బొత్తిగా పనిచేయడం లేదనీ, ఫోను చేస్తే "ఎవరు? ఎవరు?" అని మీరే అరుస్తారనీ చెప్పాడు. అందుకే ఉత్తరం. నాకు మీ దగ్గర్నించి కావలసింది కూడా కాగితమే.

ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి నీళ్ళు చూసేది నేను. నీళ్ళ సంఘానికి పెద్దనీ నేనే, గొట్టం పగిలితే గునపం పట్టేదాన్నీ నేనే, తిట్లు తినేదాన్నీ నేనే. మీరు తొట్టి కట్టిన పైఊట ఏటేటా సన్నబడిపోతోంది. పోయిన జూలైలో కుళాయి తిప్పితే నీళ్ళకి బదులు గాలి బుసకొట్టింది. అందుకని మా సంఘాన్ని జిల్లా నీళ్ళ సంస్థలో కలిపేస్తున్నారు. లోయలో లోతైన బావులు తవ్వారు. అక్కడి నుంచి పెద్ద గొట్టం తెచ్చి మా గొట్టాలకి తగిలిస్తారు. కలిసిపోవడం నాకు ఇష్టమేనా అని అడక్కండి. నీళ్ళు లేని పెత్తనం నాకెందుకు?

చిక్కు వేరే ఉంది. కలిపే ముందు మీటర్లు పెట్టి కొలిచారు. పైఊట నుంచి దిగే నీళ్ళలో ఐదో వంతు ఏ ఇంటికీ చేరడం లేదట. గొట్టం పగిలి ఉంటే నేల తడవాలి కదా, ఎక్కడా తడి లేదు. అంటే ఎవరో దొంగగొట్టం వేసుకున్నారు. అది తేలేదాకా మా ఊరిని కలుపుకునేది లేదని జిల్లా వాళ్ళు రాసేశారు. జూన్ ఒకటి దాటితే ఆ పెద్ద గొట్టం ఇంకో ఊరికి పోతుంది.

కుండకి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం. నా ఆపిల్ తోట మిగతావాళ్ళ తోటల కన్నా పచ్చగా ఉంటుంది, దానికి కారణం నేను మోసిన పేడ. కానీ మా పక్కింటి ఉర్మత్ నా మొహం మీదే "కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం వదినా" అన్నాడు. ఆ మాట అన్నాక మళ్ళీ టీ అడిగి తాగి వెళ్ళాడు.

గొట్టాల పటం మా దగ్గర లేదు. కలెక్టివ్ ఫారం మూతపడిన ఏడాది చలికి ఆఫీసు కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేశారు. మీకు గుర్తున్నంత మేర గీసి పంపండి. నా మంచి పేరు ఇప్పుడు మీ జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉంది.

సగిన్‌బు
(బెయ్‌షెన్ భార్యని. ఆయన పోయి ఆరేళ్ళయింది.)


కరకోల్,
మార్చి 13

సగిన్‌బూ,

తల గోక్కోలేదు. కవరు మీద చేతిరాత చూడగానే గుమ్మంలోనే కూర్చుండిపోయాను. నా కూతురు కంగారుపడి మందు బిళ్ళ తెచ్చింది.

పటం గీయడానికి మూడు రోజులు పట్టింది. మనవరాలి రంగు పెన్సిళ్ళు అరువు తెచ్చుకున్నాను. నీలం పెద్ద గొట్టం, ఎరుపు వీధి గొట్టాలు, ఆకుపచ్చ చుక్కలు వాల్వులు. పాత మిల్లు వెనక వాల్వు మీద ఇప్పుడు ఎవరైనా కొట్టం కట్టేసి ఉంటారు, చూసుకో. నాకు గుర్తున్నది ఇది.

బెయ్‌షెన్ పోయాడని తెలియదు. గుర్రం మీద కూర్చుంటే భలే ఉండేవాడు. నా భార్య రయ్‌ఖాన్ పోయి పదకొండేళ్ళు. చెవులు డ్రిల్లు మిషన్లు తినేశాయి. అయినా మీ ఊళ్ళో మధ్యాహ్నం పూట నువ్వు కొండ దిగుతూ "రొట్టె! రొట్టె!" అని అరిచే అరుపు మాత్రం పోలేదు. కొత్తవేవీ వినబడవు, పాతవన్నీ వినబడతాయి.

ఒక్కటి అడుగుతాను. కోడలి ఊట ఇంకా పారుతోందా? ఈసారి రాసేటప్పుడు ఆ సంగతి మరిచిపోకు.

బాలిక్చి స్టేషన్ గురించి కూడా అడుగుదామనుకున్నాను. వద్దులే. ముసలివాడి మాటలు.

తెమిర్‌కుల్


కైనర్-సాయ్,
ఏప్రిల్ 10

తెమిర్‌కుల్ బైకె గారికి,

మీ పటం అద్దంలా ఉంది. వీధికొక మగాణ్ణి వెంటేసుకుని, ఇనప చువ్వతో పొడుచుకుంటూ ఊరంతా తిరిగాను. మీరు గీసినచోటల్లా గొట్టం తగిలింది, గీయనిచోట ఏమీ తగల్లేదు. నా తోటలో నేనే నాలుగు గోతులు తవ్వించాను. ఉర్మత్ గోతిలోకి దిగి మరీ చూశాడు. పైకొచ్చాక, "లోతుగా వేసి ఉంటుంది" అన్నాడు.

ఇక నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన శుక్రవారం తులో జరిగింది. మీకు తెలుసుగా, ఏటా మంచు కరగగానే ఊట దగ్గర గొర్రెను కోసి ఊరంతా దువా చేసి కలిసి తినేది. అక్కడే, అందరి ముందూ, కోడలి ఊట నీళ్ళు దోసిటితో తాగి, రొట్టె మీద చెయ్యి పెట్టాను. "ఈ ఊళ్ళో దొంగగొట్టం లేదు. ఉంటే ఈ రొట్టె నన్ను కొట్టనీ" అన్నాను. తొంభై ఏళ్ళ బాత్మా అపా లేచి వచ్చి నా నుదురు ముద్దు పెట్టుకుంది. రొట్టె మీద ఒట్టు తర్వాత ఇంకేముంది? పెద్దలు జిల్లాకి వెళ్ళి మళ్ళీ కొలవమని అడుగుతారట.

కోడలి ఊట పారుతోందా అని అడిగారు. పారకేం! పెళ్ళయిన మర్నాడు కొత్తకోడలు మొదటి బకెట్ ఇప్పటికీ అక్కడే తోడుతుంది. జ్వరమొస్తే ఆ నీళ్ళే పడతారు. పక్కనున్న విల్లో చెట్టుకి గుడ్డపీలికలు కట్టీ కట్టీ ఆకులు కనబడవు. ఆ ఏడు మీరు పైఊటని తొట్టిలో బంధించిన నెలకే ఇది ఎండిపోయింది. ఆగస్టులో ఊరంతా గడ్డికోతలకి పై పచ్చికల్లోకి పోయి, దిగి వచ్చేసరికి బుడబుడా పారుతోంది! ముసలివాళ్ళు మోకాళ్ళ మీద పడి ఏడ్చారు. అప్పట్నించి ఒక్క రోజు ఆగలేదు, ఎంత కరువులోనూ.

ఆ నీళ్ళు తిరిగొచ్చిన రోజుతో నా బతుకు కూడా ఒక దారిన పడింది. అది మీకు చెప్పే సంగతి కాదు.

సగిన్‌బు


కరకోల్,
ఏప్రిల్ 19

సగిన్,

ఒట్టు ఎందుకు పెట్టావు? ముందు నాకొక్క ముక్క రాయకూడదా? కాదు, తప్పు నీది కాదు. నేను మార్చిలోనే రాసి ఉండాల్సింది. నీ మొదటి ఉత్తరం చదువుతుండగానే ఆ ఐదో వంతు ఎక్కడికి పోతోందో నాకు తెలిసిపోయింది. పటం గీస్తూ మిల్లు వెనక వాల్వు దగ్గరికొచ్చేసరికి పెన్సిల్ ఆగింది. చెబితే దాన్ని కట్టేస్తారు. చెప్పకపోతే నిన్ను తిడతారు. తిట్లు ఎండిపోతాయి, ఊట ఎండకూడదు అనుకున్నాను. నువ్వు రొట్టె దాకా వెళ్తావని అనుకోలేదు.

మిల్లు వెనక వాల్వు నుంచి అంగుళం గొట్టం ఒకటి పొలం గట్టు కింద, నిలువెత్తు లోతున, కోడలి ఊట రాయి దాకా పోతుంది. చివర గులకరాళ్ళు పోసి, నీళ్ళు నేలలోంచి ఊరినట్టే వచ్చేలా చేశాను. ఊరంతా పచ్చికల్లో ఉన్న ఆ పన్నెండు రోజుల్లో నేనూ, మా పనివాళ్ళ మేస్త్రీ తాతా తవ్వాం. ఆయన ఎప్పుడో పోయాడు. ఇంకెవరికీ తెలియదు.

ఊట ఎండిన రోజు నువ్వు ఖాళీ బకెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చావు. "ఇక మా కోడళ్ళు ఏ నీళ్ళు తోడాలి?" అని అడిగావు. ఇంజనీరు చదువు చదివి మరీ ఎండబెట్టింది నేనే కదా. కోతలయ్యాక ఇంట్లో చెప్పకుండా నాతో వచ్చేస్తానన్నావు. నీ ఊరి నుంచి నిన్ను తీసుకుపోతున్నాను, కనీసం వాళ్ళ ఊట వాళ్ళకి ఇచ్చేసి పోదామనుకున్నాను. ముందే చెబితే నవ్వుతావని, రైలెక్కాక చెబుదామని దాచుకున్నాను.

మనం అనుకున్నట్టే బాలిక్చి స్టేషన్లో మూడు రోజులు ఉన్నాను. వచ్చిన ప్రతి బస్సూ చూశాను. నాలుగో రోజు తలాస్‌లో పనికి రమ్మని తంతి వస్తే వెళ్ళిపోయాను. శీతాకాలంలో ఎవరో చెప్పారు, నీకు బెయ్‌షెన్‌తో పెళ్ళయిందని. నీకు నేను నచ్చలేదు, అంతే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

తెమిర్


కైనర్-సాయ్,
మే 1

తెమిర్‌కుల్,

ఇంక 'బైకె' అనీ 'మీరు' అనీ మర్యాదలు పెట్టి రాయలేను. పది రోజులు నీ ఉత్తరం పిండి డబ్బాలో పెట్టి మూత వేశాను. రోజూ రొట్టె చేయడానికి మూత తీయక తప్పదు, అదే కంటబడుతుంది.

ఆ ఆగస్టులో ఏం జరిగిందో చెబుతాను విను. పచ్చికల్లో మా అమ్మ గుడారంలో పడుకుని దేవుడితో బేరం పెట్టాను. నీతో వచ్చేయాలని ఒకవైపు, నాన్న తల ఎత్తుకోలేడన్న భయం ఇంకోవైపు. ఏదీ తేల్చుకోలేక ఊట మీద పెట్టాను. దిగేసరికి ఊట ఎండిపోయే ఉంటే ఈ ఊరికి నాతో పని లేదు, తెమిర్‌తో వెళ్ళిపోతాను. మళ్ళీ పారుతుంటే ఉండిపొమ్మని ఆజ్ఞ, నాన్న చెప్పిన బెయ్‌షెన్‌ని చేసుకుంటాను. ఎండిన ఊట మళ్ళీ పారదని నువ్వే చెప్పావు కదా. గెలిచే బేరమే పెట్టాననుకున్నాను. మూట కూడా కట్టుకుని దిగాను.

పారుతోంది, తెమిర్. అందరూ మోకాళ్ళ మీద పడి ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. సంతోషంతో అనుకున్నారు.

సెప్టెంబరులో కొత్తకోడలిగా మొదటి బకెట్ ఆ నీళ్ళే తోడాను. బెయ్‌షెన్ చెడ్డవాడు కాదు. నన్నొక మాట అనలేదు, నా చేతి తిండికి వంక పెట్టలేదు. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ నువ్వు గునపం పట్టి, చెమటోడ్చి, నాకు తెలియకుండా నన్నే ఆపేశావు. పిచ్చివాడా! ఒక చీటీ ముక్క రాసి మిల్లు తలుపు సందులో పెట్టి ఉంటే ఏం పోయేది?

ఇప్పుడు చెప్పు, ఏం చేయను? నిజం చెబితే ఊట పోతుంది. దాస్తే జిల్లా నీళ్ళు పోతాయి, ఈ జూలైలో పిల్లలకి తాగడానికి ఉండవు. ఏది చేసినా నా ఒట్టు అబద్ధమే.

సగిన్


కరకోల్,
మే 8

సగిన్,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పని సంగతి రాస్తాను, అదొక్కటే నాకు చేతనవును.

ఊట ఎండింది పైఊటని నేను తొట్టిలో బంధించినందుకు. జిల్లా నీళ్ళు వస్తే మీకు ఆ తొట్టితో పని లేదు. అడుగున ఇనప చక్రం ఉంది, అది తిప్పి నీళ్ళని నేల కిందున్న పాత గులకలోకి వదిలెయ్యమను. నేలకి పాత దారి తెలిసి ఉంటే నెమ్మదిగా కోడలి ఊట దాకా దిగుతాయి. ముప్ఫై ఏడేళ్ళలో ఆ దారి పూడిపోయి ఉంటే దిగవు. నేను మాట ఇవ్వలేను. నా మాటకి విలువెంతో నీకు తెలుసు.

ఊరికి చెప్పేయ్. తప్పంతా నా మీద వేయి. నా ఉత్తరం చదివి వినిపించు.

ఆ చీటీ సంగతి. రాశాను. మేస్త్రీ తాత "ముందే చెప్పకు, ఆడపిల్లని ఆశ్చర్యపరచాలిరా" అంటే చించేశాను.

తెమిర్


కైనర్-సాయ్,
జూన్ 4

తెమిర్,

చెప్పేశాను.

అందరినీ మిల్లు దగ్గరికి పిలిచాను. కొట్టంలో గడ్డి తీయిస్తే కింద నీ వాల్వు ఉంది, తుప్పు పట్టినా తిరిగింది. అక్కడి నుంచి ఊట దగ్గరికి నడిచేలోపే బుడగలు ఆగిపోయాయి. ముందుగా ఉర్మత్ అందుకున్నాడు.

"ముప్ఫై ఏడేళ్ళు గొట్టానికి మొక్కామా? ఈ నీళ్ళతోనే కదా నా నడుం నొప్పి తగ్గింది!"

"తగ్గిందిగా?" అంది బాత్మా అపా. "మరి నోరు మూసుకో. గొట్టంలో పారింది నీళ్ళే కదా, వోడ్కా కాదుగా?"

నవ్వు మొదలయింది. ఉర్మత్ కూడా నవ్వాడు గానీ కళ్ళు తుడుచుకున్నాడు. "నవ్వండి నవ్వండి. సెప్టెంబరులో నా కొడుకు పెళ్ళి. నా కోడలు ఏ నీళ్ళు తోడాలి?" అన్నాడు. ఆనాడు ఖాళీ బకెట్‌తో నేను నిన్నడిగిన ప్రశ్నే.

నీ ఉత్తరం చదివి వినిపించాను, రైలు ముక్కలు మాత్రం వదిలేశాను. బాత్మా అపాకి అవి చదివి వినిపించక్కర్లేదు, ముందే తెలుసు. అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "ఆ ఏడు పచ్చికల్లో నువ్వు మూట కట్టడం నేను చూశానే పిల్లా. విప్పడమూ చూశాను. ఎవరికైనా చెప్పానా?" అంది.

తప్పిన ఒట్టుకి ఏడు రొట్టెలు చేసి ఏడిళ్ళకి పంచాను. ఉర్మత్ ఇంటికే మొదటిది. వాడు రెండు చేతులతో అందుకున్నాడు. "వదినా, నన్ను క్షమించు. నీ తోటకి పేడ ఎక్కడి నుంచి తెస్తావో అది మాత్రం చెప్పు" అన్నాడు.

జిల్లా వాళ్ళు మళ్ళీ కొలిచారు. లెక్క సరిపోయింది. జూన్ ఒకటిన కలిపేశారు. కుళాయిల్లో నీళ్ళు ఎంత జోరుగా వస్తున్నాయంటే పిల్లలు తిప్పి, కట్టి, తిప్పి ఆడుకుంటున్నారు. సంఘం తాళంచెవులు ఒక కుర్ర ఇంజనీరమ్మకి ఇచ్చేశాను. పైఊట చక్రం ఆ అమ్మాయే తిప్పింది. నీళ్ళు గులకలోకి పోయి కనబడకుండా పోయాయి. ఎటు పోయాయో తెలియదు.

ఊట ఎండిపోయి ఉంది.

సగిన్


కరకోల్,
జూలై 15

సగిన్,

ఆరు వారాలయింది. బస్సు డ్రైవరుని అడిగితే భుజాలు ఎగరేస్తున్నాడు. తడి అయినా ఉందా?

తెమిర్


కైనర్-సాయ్,
ఆగస్టు 27

తెమిర్,

జూలైలో జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ లేక.

ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజు కూడా ఊరు దాటలేదు నేను. ఏ గొట్టం ఎప్పుడు పగులుతుందో అని. ఇప్పుడు నా చేతులకి పని లేదు. జేబులో తాళంచెవులు తడుముకుంటాను, ఉండవు. రోజూ పొద్దున్నే అలవాటు కొద్దీ బకెట్ పట్టుకుని ఊట దాకా పోతాను. ఎండిన రాయి మీద కూర్చుంటాను. నీ మీద కోపం తెచ్చుకుంటాను. ఒక్కో రోజు వస్తుంది, ఒక్కో రోజు రాదు. రాని రోజునే ఎక్కువసేపు కూర్చుంటాను. నువ్వు నిలబడ్డ స్టేషన్ ఎలా ఉండేదో ఊహించుకుంటాను. నేను దిగాల్సిన బస్సు ఏ రంగుదో కూడా నాకు తెలియదు.

ఇవాళ రాయి మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మంచు అనుకున్నాను. కొంగుతో తుడిచాను. మళ్ళీ తడిసింది.

గులకరాళ్ళు చేత్తో తోడేశాను. అడుగున దారమంత ధార. ఒక గిన్నె నిండడానికి టీ మరిగేంత సేపు పడుతోంది. బాత్మా అపాని వీపు మీద మోసుకొచ్చి మరీ చూపించారు. రుచి చూసి, "మట్టి వాసన వేస్తోంది. ఇదీ అసలుది" అంది. ఉర్మత్ కోడలికి బకెట్ నిండాలంటే పూట పడుతుంది. పట్టనీ, కొత్తకోడలికి తొందరేముంది?

ఇంకో సంగతి. ఈసారి కూడా దేవుడితో బేరం పెట్టాను. తాళంచెవులు ఇచ్చేసిన రోజునే పెట్టాను. ఏమిటో ఇప్పుడే రాయను. ముందు నువ్వు రొట్టె మీద చెయ్యి పెట్టి చెప్పు.

ఈసారి నువ్వేం చెయ్యలేదు కదా?

సగిన్


కరకోల్,
సెప్టెంబరు 2

సగిన్,

రొట్టె మీద ఎడమచెయ్యి పెట్టే రాస్తున్నాను. పట్టుకునే చెయ్యి లేక కాగితం జారిపోతోంది, అందుకే వంకర రాత. నేనేమీ చెయ్యలేదు. మా వీధి చివరిదాకా నడవడానికే రెండుసార్లు కూర్చుంటాను. ఆ నీళ్ళు వాటంతటవే వచ్చాయి.

నీ బేరం ఏమిటో అడగను. మీ ఊరి బస్సు మా వీధి చివరికి మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. అది తెల్లటిది, పక్కన నీలం గీత. నాకు వినబడదు గానీ దూరం నుంచే కనబడుతుంది. నీ ఉత్తరం అందిన రోజు నుంచి వెళ్ళి నిలబడుతున్నాను.

ఈసారి మూడు రోజులకే వెళ్ళిపోను.

తెమిర్